గ్యారేజీ గోడకే పెట్రోలు బంకు: అమెరికా సంప్రదాయవాదితో ఎలక్ట్రిక్ కారు ముచ్చట

2025 మార్చి 11న వైట్‌హౌస్ ఆవరణలో టెస్లా కార్లు వరుసగా నిలబెట్టారు. అధ్యక్షుడు ట్రంప్ ఎర్ర రంగు మోడల్ ఎస్‌లో ఎక్కి కూర్చుని, ఒకటి కొంటున్నానని కెమెరాల ముందు చెప్పారు. పక్కన ఎలాన్ మస్క్ ఉన్నారు. అంతకు ఏడు వారాల ముందు, పదవి చేపట్టిన రోజునే, ఎలక్ట్రిక్ వాహనాల నిర్బంధాన్ని ఎత్తేస్తామన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టింది కూడా ఆయనే. ఆ తర్వాత జులై 4న ఆయన సంతకం చేసిన చట్టంతో, ఎలక్ట్రిక్ కారు కొన్నవారికి దక్కే 7,500 డాలర్ల పన్ను రాయితీ సెప్టెంబర్ 30తో ఆగిపోయింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది. అమెరికాలో ఎలక్ట్రిక్ కారు జెండా అయిపోయింది. ఎవరు పట్టుకుని నడుస్తున్నారన్నదాన్ని బట్టి అది కొందరికి ముద్దు, కొందరికి చేదు. 2023లో గ్యాలప్ సర్వే అడిగితే రిపబ్లికన్లలో 71 శాతం మంది అసలు కొనే ఉద్దేశమే లేదన్నారు. అంతమందీ కూర్చుని బ్యాటరీ ఎంత, మైలేజీ ఎంత అని లెక్కలు వేసి ఆ మాట చెప్పి ఉండరు. జెండా చూసి చెప్పిన జవాబది.

ఈ కార్లు పెరగాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ మా వైపు వాదన చాలాసార్లు తప్పు చోట మొదలవుతోంది. ధ్రువాల్లో కరుగుతున్న మంచుతో ఎత్తుకుంటాం. ఎదుటి మనిషికి అది మరోలా వినిపిస్తుంది: నీ ట్రక్కు పాపం, మీ ఊరి గని పాపం, నిన్ను సర్కారు దారిలో పెడుతుంది. అక్కడితో చెవులు మూసుకుపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి లెక్క చెప్పినా గోడకు చెప్పినట్టే.

ముడి ఎక్కడ పడింది

మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టేశారు. వాతావరణ మార్పు గురించి నీ నమ్మకమేమిటి? నువ్వు ఏ కారు కొనాలో ప్రభుత్వం చెప్పవచ్చా? ఈ కారు మంచిదేనా? మొదటి రెండింటికీ ఎవరి జవాబు వాళ్లు ఉంచుకున్నా, మూడోదాన్ని విడిగా తేల్చుకోవచ్చు. కారు మంచిదో కాదో తెలుసుకోవడానికి ఓటు ఎవరికి వేశావో చెప్పక్కర్లేదు.

రెండో ప్రశ్న దగ్గర సంప్రదాయవాది అభ్యంతరం న్యాయమైనదేనని ఒప్పుకుని ముందుకు పోవాలి. 2035 నుంచి పెట్రోలుతో మాత్రమే నడిచే కొత్త కార్ల అమ్మకం ఉండకూడదని 2022లో కాలిఫోర్నియా నిర్ణయించింది. అందుకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన అనుమతిని 2025 జూన్‌లో అమెరికా కాంగ్రెస్, ట్రంప్ కలిసి తీసేశారు. నిజంగా మెరుగైన వస్తువుకు గడువు తేదీ పెట్టి జనం మెడ మీద కూర్చోవాల్సిన పనేముందని ఎవరైనా అడిగితే, అది అడగదగ్గ ప్రశ్నే. అలాగే 2021 మౌలిక వసతుల చట్టంలో ఛార్జింగ్ కేంద్రాల కోసం 750 కోట్ల డాలర్లు కేటాయించారు. రెండేళ్లు దాటాక చూస్తే ఆ డబ్బుతో తెరుచుకున్న కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఇది ప్రత్యర్థులు పుట్టించిన పుకారు కాదు, జరిగిందే. దీన్ని ఒప్పుకోని మనిషి చెప్పే మిగతా మాటలు ఎవరు నమ్ముతారు?

చరిత్ర మాత్రం సంప్రదాయవాది పక్షానే చాలా చెబుతుంది. 1910ల్లో అమెరికా వీధుల్లో ఎలక్ట్రిక్ కార్లు మామూలుగా తిరిగేవి. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారే. వాటిని ఏ సర్కారూ నిషేధించలేదు. 1912 క్యాడిలాక్ పెట్రోలు కారులో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది, చేతులు విరగ్గొట్టే హ్యాండిల్ తిప్పుడు పోయింది. ఫోర్డ్ పెట్రోలు కారు మోడల్ టి ధర దిగింది, చమురు చవకైంది. అలా ఎలక్ట్రిక్ కార్లు బజారులోనే ఓడిపోయాయి. బజారులో ఓడిన సరుకు మెరుగుపడి మళ్లీ బజారుకే వస్తే కాదనడానికి సంప్రదాయవాదికి సిద్ధాంతపరంగా కారణమే లేదు.

రెండో రాకలో రిపబ్లికన్ సంతకాలు కూడా ఉన్నాయి. కార్ల కంపెనీలకు అప్పులిచ్చే పథకం పుట్టింది 2007లో జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన చట్టంలో. ఒబామా హయాంలో 2010లో టెస్లా 46.5 కోట్ల డాలర్లు తీసుకున్నది ఆ పథకం కిందే. గడువుకు తొమ్మిదేళ్ల ముందే, 2013లో, తీర్చేసింది. ప్లగ్‌తో ఛార్జ్ చేసే కార్లకు 7,500 డాలర్ల దాకా పన్ను రాయితీ మొదలైంది కూడా 2008 అక్టోబర్‌లో బుష్ చేతి మీదుగానే. రీగన్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగా చేసిన జార్జ్ షుల్ట్జ్ తొంభై దాటిన వయసులో ఎలక్ట్రిక్ కారు నడిపారు, ఆయన ఇంటి మీద సోలార్ పలకలుండేవి. ఆ కారు అప్పటికింకా ఏ పార్టీదీ కాదు.

ధర కట్టేది ఎవరు

నన్నడిగితే అన్నిటికంటే గట్టి వాదన ఇక్కడుంది, దీని మీదే ఎక్కువసేపు నిలబడాలి.

1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లోనే పీపా ధర దాదాపు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపుకు ఎగబాకింది. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. ఆ నవంబర్‌లో రిచర్డ్ నిక్సన్ టీవీలోకి వచ్చి, 1980 కల్లా ఇంధనం కోసం ఎవరి మీదా ఆధారపడని దేశం కావాలన్నారు. ఆ తర్వాత వచ్చిన అధ్యక్షులు దాదాపు అందరూ అదే పాట పాడారు.

ఇప్పుడు అమెరికాకు చమురు కొరత లేదు. 2018 నుంచి ముడి చమురు తీయడంలో ప్రపంచంలో మొదటి స్థానం దానిదే. 2024లో రోజుకు 1.3 కోట్ల పీపాలకు పైగా తీసింది. మరి 2022లో ఏమైంది? రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. జూన్‌లో అమెరికా సగటు పెట్రోలు ధర చరిత్రలో మొదటిసారి గ్యాలన్‌కు 5 డాలర్లు దాటింది. టెక్సస్‌లో తవ్విన చమురును టెక్సస్‌లోనే పోయించుకునే మనిషి కూడా ఆ పెరిగిన ధరే కట్టాడు. చమురు ప్రపంచ సంతలో అమ్ముడయ్యే సరుకు. బావి నీ పెరట్లో ఉన్నా బేరం ఎక్కడో తెగుతుంది. ఎంత తవ్వినా తీరని పరాధీనత ఇదే.

కరెంటు అలాంటిది కాదు. చాలావరకు పుట్టిన ప్రాంతంలోనే ఖర్చవుతుంది. జార్జియాలో అయితే రేటు నిర్ణయించే కమిషన్ సభ్యుల్ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. బిల్లులు ఈమధ్య పెరుగుతున్నాయి, నిజమే. కానీ ఒక నియంత యుద్ధం మొదలుపెట్టిన వారంలోనే బిల్లు ఆకాశానికంటదు, పెరిగితే నిలదీయడానికి మనిషి ఊళ్లోనే దొరుకుతాడు. ఇంధనం కూడా స్వదేశీ: పెన్సిల్వేనియా గ్యాసు, వెస్ట్ వర్జీనియా బొగ్గు, జార్జియాలో వోగ్టల్ అణుకేంద్రం, టెక్సస్ గాలి. గాలి కరెంటులో దేశానికి మొదటి స్థానం టెక్సస్‌దే, దానికి దారి వేసిన 1999 చట్టం మీద సంతకం గవర్నర్‌గా ఉన్న బుష్‌ది. అయోవాలో సగానికి మించి కరెంటు గాలిదే. 1992లో గాలి కరెంటుకు వచ్చిన పన్ను రాయితీ వెనక నిలబడింది ఆ రాష్ట్ర రిపబ్లికన్ సెనేటర్ చక్ గ్రాస్లీ.

బొగ్గు మాట కూడా దాటవేయకూడదు. "ఎలక్ట్రిక్ కారంటే బొగ్గుతో నడిచే కారేగా" అని ఎగతాళి చేస్తుంటారు. బొగ్గు రాష్ట్రంలో ఉండేవాడికి అందులో తప్పేముంది? కెంటకీ రిపబ్లికన్ ప్రతినిధి థామస్ మాసీ ఎంఐటీలో చదివిన ఇంజనీరు. ఆయన టెస్లాకు పెట్టుకున్నది బొగ్గు పరిశ్రమకు మద్దతు తెలిపే కెంటకీ ప్రత్యేక నంబర్ ప్లేటు. ప్రమాదంలో పాడైన మరో టెస్లా నుంచి బ్యాటరీ తీసి తన ఇంటికి కరెంటు అమర్చుకున్నారు. పర్యావరణవాదికి ఆ ప్లేటు చూస్తే ఇబ్బందే. కానీ సొంత జిల్లా గనిలో తవ్విన బొగ్గుతో కారు నడిచి, ఆ డబ్బు ఆ జిల్లాలోనే తిరగడం సంప్రదాయవాది చెప్పే స్వావలంబనకు అచ్చమైన ఉదాహరణ.

కాగితం మీద లెక్క

పెట్రోలు ఇంజను నిజానికి ఒక పొయ్యి. నాలుగు డాలర్ల పెట్రోలు పోస్తే మహా అయితే ఒక డాలరు విలువ చక్రాలకు చేరుతుంది. మిగతా మూడూ వేడిగా రేడియేటర్‌లోంచి, పొగగొట్టంలోంచి పోతాయి. ఎలక్ట్రిక్ కారులో, బ్రేకు వేసినప్పుడు బ్యాటరీకి తిరిగొచ్చేది కూడా కలుపుకుంటే, పదింట దాదాపు తొమ్మిది వంతులు చక్రాలకు చేరతాయి. బొగ్గు కేంద్రంలో మూడింట రెండు వంతులు పోతుంది కదా అంటారు. పోతుంది. అది తీసేసినా లెక్క పెట్రోలు కంటే కాస్త పైనే నిలుస్తుంది.

ఇప్పుడు డబ్బు. ఏడాదికి 12,000 మైళ్లు అనుకుందాం. గ్యాలన్‌కు 30 మైళ్లిచ్చే కారుకు 400 గ్యాలన్లు కావాలి. గ్యాలన్ 3 డాలర్లయితే 1,200 డాలర్లు. అదే సైజు ఎలక్ట్రిక్ కారు 100 మైళ్లకు సుమారు 30 యూనిట్లు తింటుంది, ఏడాదికి 3,600 యూనిట్లు. ఇంట్లో యూనిట్ 17 సెంట్లయితే 612 డాలర్లు. దాదాపు సగం. ఆయిల్ మార్పిడి ఉండదు, స్పార్క్ ప్లగ్గులు ఉండవు, బ్రేకు ప్యాడ్లు ఏళ్ల తరబడి వస్తాయి.

రెండో వైపు కూడా అదే కాగితం మీద రాయాలి. ఇంట్లో ఛార్జింగ్ లేక, హైవే పక్క ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కు 50 సెంట్లు కట్టాల్సి వస్తే 100 మైళ్లకు 15 డాలర్లవుతుంది. పైన చెప్పిన పెట్రోలు కారుకు 10 డాలర్లే. బరువు ఎక్కువ కాబట్టి టైర్లు తొందరగా అరుగుతాయి. ఇన్సూరెన్స్ చాలాచోట్ల ఎక్కువ. కొత్త కారు ధర ఇంకా ఎక్కువే. కనుక అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, కారును వీధిలో ఆపుకునేవారికి ఈ కారు అంటగట్టడం అన్యాయం. కాలిఫోర్నియాలో యూనిట్ 30 సెంట్లు దాటింది కాబట్టి అక్కడ పొదుపు బాగా సన్నబడుతుంది. సర్కారు నిర్బంధం పెట్టింది మొదట అక్కడే.

అమెరికా కొత్త ఎలక్ట్రిక్ కార్లకు ఇంకో లక్షణం ఉంది. విలువ వేగంగా పడిపోతుంది, మూడేళ్లకు చాలా మోడళ్లు సగం దాకా దిగుతాయి. కొత్తగా కొన్నవాడికి అది దెబ్బ. కానీ కొత్త కారు షోరూం దాటగానే డబ్బు పోతుందని నమ్మి, ఎప్పుడూ సెకండ్ హ్యాండ్ మాత్రమే, అదీ నగదు పెట్టి కొనే మనిషికి అది వరం. ఆ మనిషి చాలాసార్లు సంప్రదాయవాదే అయి ఉంటాడు. బ్యాటరీ పోతే గతేమిటన్నదే అతని భయం. అమెరికాలో బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,00,000 మైళ్ల వారంటీ ఉంటుంది, కారు చేతులు మారినా అది మామూలుగా కారుతోపాటే వస్తుంది. బ్యాటరీల ధర కూడా 2010లో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్లకు పైగా ఉండేది, 2024కి 115 డాలర్ల దగ్గరికి వచ్చింది.

రోడ్డు పన్ను మీద ఫిర్యాదు సరైనదే. ఫెడరల్ పెట్రోలు పన్ను 1993 నుంచి గ్యాలన్‌కు 18.4 సెంట్లు, ఎలక్ట్రిక్ కారు అది కట్టదు. అందుకే టెక్సస్ 2023 నుంచి ఎలక్ట్రిక్ కార్ల మీద ఏటా 200 డాలర్ల రుసుము పెట్టింది. పై లెక్కలోని పెట్రోలు కారు ఫెడరల్ పన్ను, గ్యాలన్‌కు 20 సెంట్ల టెక్సస్ పన్ను కలిపి ఏడాదికి కట్టేది సుమారు 154 డాలర్లు. అంటే టెక్సస్‌లో ఎలక్ట్రిక్ కారువాడు ఉచితంగా తిరగడం లేదు, కొంచెం ఎక్కువే కడుతున్నాడు. రాయితీ కూడా పోయింది కాబట్టి "నా పన్ను డబ్బుతో నీకు కారా" అన్న మాటకు ఇక ఆస్కారం లేదు. వాదించేవారికి ఒకరకంగా ఇది మేలే.

చలి, బరువు, మంట

త్వరగా చెప్పేస్తాను. చలిలో దూరం తగ్గుతుంది. సున్నాకు 7 డిగ్రీల సెల్సియస్ కిందుండి హీటర్ నడిస్తే 41 శాతం దాకా తగ్గిందని 2019లో అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ చేసిన పరీక్షల్లో తేలింది. ఇప్పుడొస్తున్న, తక్కువ కరెంటుతో వేడినిచ్చే హీట్ పంపులతో నయమే గానీ పూర్తిగా పోలేదు. అయినా 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్. పన్నుల్లో భారీ మినహాయింపులు ఇచ్చారు కాబట్టి కొన్నారు. కానీ చలికి పనికిరాని బండిని ఏ మినహాయింపూ అంతమంది చేత కొనిపించలేదు.

ట్రైలర్ కట్టి లాగితే దూరం సగానికి పడిపోతుంది. ఇది నిజం, దీనికి ఇంకా మందు లేదు. మంటల విషయంలో, స్వీడన్ లాంటి చోట్ల లెక్కలు చూస్తే ఎలక్ట్రిక్ కార్లు అంటుకోవడం పెట్రోలు కార్ల కంటే చాలా అరుదు. అంటుకుంటే ఆర్పడం మాత్రం కష్టం.

చైనా సంగతి

సంప్రదాయవాది అడిగే ప్రశ్నల్లో అత్యంత బలమైనది ఇదే. చమురు పరాధీనత వదిలించుకుని చైనా కాళ్ల దగ్గర పడతామా? భయం కల్పితం కాదు. ప్రపంచంలో లిథియం శుద్ధిలో, బ్యాటరీల గ్రాఫైట్‌లో, సెల్స్ తయారీలో సింహభాగం చైనాదే. కోబాల్ట్ చాలావరకు కాంగోలో తవ్వుతారు, శుద్ధి మళ్లీ చైనాలో.

అయితే రెండు పరాధీనతలూ ఒకటి కావు. చమురు రావడం ఆగితే రోడ్డు మీదున్న ప్రతి పెట్రోలు బండీ ట్యాంకు ఖాళీ కాగానే ఆగుతుంది. బ్యాటరీ ఖనిజం రావడం ఆగితే కొత్త కార్ల తయారీ ఆగుతుంది, ఇప్పటికే కొన్న కార్లు పదేళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఒకటి రోజూ తినే అన్నం, ఇంకోటి వండుకునే గిన్నె. గిన్నె దొరక్కపోతే కొత్తది చేసుకునేదాకా పాతదానితో నెట్టుకురావచ్చు. ఆ వ్యవధిలో ఫ్యాక్టరీ కట్టుకోవచ్చు, గని తవ్వుకోవచ్చు. నెవాడాలో థాకర్ పాస్ లిథియం గనికి అనుమతి వచ్చింది 2021 జనవరిలో, ట్రంప్ తొలి పదవీకాలం చివరి రోజుల్లో. 2025లో ఆ గని కంపెనీలో ఆయన ప్రభుత్వమే వాటా తీసుకుంది. కోబాల్ట్, నికెల్ అక్కర్లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఎలాగూ వ్యాపించాయి.

ఇక చైనా ఎందుకు ఇటు దూకింది? తనకు కావలసిన చమురులో 70 శాతానికి పైగా అది బయటి నుంచి తెచ్చుకుంటుంది, అందులో చాలాభాగం ఓడల మీదే. యుద్ధమొస్తే ఆ ఓడల్ని సముద్రంలో ఆపగలిగేది అమెరికా నౌకాదళం. 2024లో చైనాలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు సగం ప్లగ్‌తో ఛార్జ్ చేసేవే. వాళ్లు ధ్రువాల మంచు కోసం ఇంత పరుగు పెట్టారని నేననుకోను. అమెరికా పక్కకు తప్పుకుంటే ఈ పరిశ్రమ ఆగదు, చైనాకు పోటీ లేకుండా మిగిలిపోతుంది. చైనా కార్ల మీద 2024లో బైడెన్ వేసిన 100 శాతం సుంకం వాటిని ఇంటి గుమ్మంలో ఆపుతుందేమో. బ్రెజిల్‌లో, థాయ్‌లాండ్‌లో ఆపలేదు.

ఫ్యాక్టరీలు వచ్చిన చోట్లు కూడా చూడాలి. జార్జియాలోని సవానా దగ్గర హ్యుందాయ్ 759 కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన ప్లాంటు, కాన్సస్‌లోని డి సోటోలో పానసోనిక్ బ్యాటరీ ఫ్యాక్టరీ, నార్త్ కరోలినాలోని లిబర్టీలో టయోటాది, టెనెసీలో స్మిర్నా, స్ప్రింగ్ హిల్ ఊళ్లలోని ప్లాంట్లు. మ్యాపులో చాలావరకు రిపబ్లికన్ నేల. జార్జియాను ఎలక్ట్రిక్ వాహనాల రాజధాని చేస్తానన్నది రిపబ్లికన్ గవర్నర్ బ్రయాన్ కెంప్. అన్నీ లాభాల్లో లేవు, ఫోర్డ్ ఎలక్ట్రిక్ విభాగం 2024 ఒక్క ఏడాదే 500 కోట్ల డాలర్ల పైన నష్టపోయింది. వ్యాపారంలో అది ఉండేదే.

సాకెట్టు

ఇంతా చెప్పి, ఒక్క మనిషితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాల్సి వస్తే నేను ఎంచుకునేది బట్టలారబెట్టే యంత్రం వెనకుండే సాకెట్టును. అమెరికా ఇళ్లలో చాలావాటికి అది ఉంటుంది: లావుపాటి తీగ, వెడల్పాటి రంధ్రాలు, 240 వోల్టులు. అలాంటిదొకటి గ్యారేజీ గోడకు వేయించుకుంటే గంటకు సుమారు 20 మైళ్ల దూరానికి సరిపడా కరెంటు కారులోకి ఎక్కుతుంది. అదీ లేకపోతే ఫోను ఛార్జ్ చేసుకునే మామూలు ప్లగ్గు కూడా తెల్లారేసరికి 40 మైళ్లకు సరిపడా ఎక్కిస్తుంది. సగటు డ్రైవరు రోజుకు తిరిగేది అంతలోపే. పొద్దున లేచేసరికి ట్యాంకు నిండి ఉంటుంది. బంకు దగ్గర ఆగే పని లేదు.

తుఫానొచ్చి కరెంటు పోతే? బంకులోని పంపు కూడా కరెంటుతోనే నడుస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ చలికి గ్రిడ్ కుప్పకూలి, రెండు వందల మందికి పైగా ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది ఫోర్డ్ తెచ్చిన ఎఫ్-150 లైట్నింగ్ ట్రక్కు పెద్ద బ్యాటరీలో 131 యూనిట్లు పట్టేవి. సగటు అమెరికా ఇల్లు రోజుకు 30 యూనిట్లు వాడుతుంది. అంటే తగిన స్విచ్చులు బిగించుకుంటే ముందరి షెడ్డులో నాలుగు రోజుల కరెంటు నిలవ ఉన్నట్టు. పిల్లల గదిలో హీటర్ ఆరిపోకుండా ఎవరి సాయానికీ ఎదురుచూడకుండా గడపగలగడమే గదా కుటుంబ పెద్ద కోరుకునేది.

ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడగాలి. రోజుకు ఎన్ని మైళ్లు తిరుగుతావు? రాత్రి బండి ఎక్కడ ఉంటుంది? ట్రైలర్ ఎన్నిసార్లు లాగుతావు? ప్రతి వారాంతం పడవ కట్టుకుని 200 మైళ్లు పోయేవాడైతే, ఆ ట్రక్కు మార్చుకోవద్దని మనమే చెప్పాలి. చెప్పాక, దాని పక్కనే ఉండే రెండో కారు గురించి అడగాలి. భార్య ఆఫీసుకు, పిల్లలు బడికి, ఆదివారం చర్చికి వెళ్లే కారు, రోజుకు 30 మైళ్లు దాటనిది, రాత్రంతా ఆ సాకెట్టుకు ఆరడుగుల దూరంలో ఊరికే నిలబడి ఉండేది. లెక్క ఆ కారుతో మొదలుపెడితే చాలు.